గోడ దించండి, కెమెరా లాక్కోకండి

నిడదవోలు నుంచి ఒక సోదరి రాసిన వుత్తరం ఇది. పేరు ప్రచురించవద్దని కోరారు.

"డాక్టరు గారికి నమస్కారాలు. మా అబ్బాయికి పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడికి స్పైడర్‌మ్యాన్ అంటే పిచ్చి. చిన్నప్పుడు ఆ బొమ్మలతో ఆడుకునేవాడు. ఏడాదిగా వాళ్ళ నాన్నగారి పాత ఫోనుతో ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. ఎర్ర ముసుగు తగిలించుకుని మేడ పిట్టగోడ మీద కూర్చుంటాడు. కాలవ గట్టున వంతెన పట్టుకుని వేలాడతాడు. ఫొటో కోసమేనట! కిందటి ఆదివారం స్నేహితులతో స్టేషను వైపు వెళ్ళి, ఆగివున్న గూడ్సు పెట్టె నిచ్చెన ఎక్కాడని తెలిసింది. మావారు ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పటినుంచి వాడు సరిగా తినడు, ఎవరితోనూ మాట్లాడడు. అంతకుముందు రాత్రి వీధిలైటు కింద పురుగుల్ని ఫొటోలు తీశాడు. తర్వాత మెడ మీద ఎర్రటి చారలాగా లేచి నీటిపొక్కులు వచ్చాయి. మా అత్తగారు సాలీడు పాకిందంటున్నారు, పసరు రాయమంటున్నారు. వాడి పిచ్చి మాన్పించడం ఎలా? పొక్కులకు ఏం చెయ్యాలి?"

అమ్మా, మీ వుత్తరం చదివి మొదట భయం వేసింది. తర్వాత సంతోషం కూడా కలిగింది. భయం ఆ గూడ్సు పెట్టె గురించి. సంతోషం మీవాడి సరదా గురించి. ఈ రెండింటినీ మీరు ఒకే మూటగా కట్టి "పిచ్చి" అన్నారు. విడదీసి చూడండి. సరదాను మాన్పించనక్కర్లేదు. ప్రమాదాన్ని మాత్రం ఈ రోజే మాన్పించాలి.

*ఈ సరదా ఎక్కడిది?*

మీవాడు కెమెరా పట్టుకోవడం వింతేమీ కాదు. 1962లో అమెరికాలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి సృష్టించిన స్పైడర్‌మ్యాన్ అసలు పేరు పీటర్ పార్కర్. సాలీడు కుట్టి శక్తులు వచ్చిన ఆ కుర్రాడు కడుపు నింపుకునేది మాత్రం ఫొటోలు తీసే! కెమెరాను ఒకచోట అమర్చి, తన ఫొటోలు తనే తీసుకుని పత్రికకు అమ్ముకుంటాడు. 1997లో మన దూరదర్శన్‌లో మొదలైన 'శక్తిమాన్'లో కూడా అంతే. అందులోని అమాయకుడు గంగాధర్ పత్రికా ఫొటోగ్రాఫరే. ఆ రోజుల్లో వాణ్ణి చూసి గిరగిరా తిరిగిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. అంతకు ముందు తరానికి 1980లో ఎన్.టి. రామారావు గారి 'సూపర్‌మేన్' వుండనే వుంది. కనుక ప్రతి తరానికీ ఒక వీరుడు వుంటాడు. ఈ తరానికి వీరుడితో పాటు చేతిలో కెమెరా కూడా వచ్చింది. తేడా అంతే.

ఫొటోలు తీసే అలవాటు ఆరోగ్యానికి మంచిదే. మంచి వెలుతురు కోసం పిల్లవాడు పొద్దున్నే లేస్తాడు, నాలుగడుగులు నడుస్తాడు, ఇంటి బయట గడుపుతాడు. పగటి వెలుగులో రోజుకు రెండు గంటలైనా ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసగ్గా కనిపించే లోపం, వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. గదిలో కూర్చుని గంటల తరబడి వీడియో ఆటలాడే పిల్లవాడికన్నా, చెట్టు కింద సాలెగూటిని ఫొటో తీసే పిల్లవాడి కళ్ళూ మనసూ మెరుగ్గా వుంటాయి. ఒకదాన్ని ఓపికగా చూడడం, పాడైతే మళ్ళీ తీయడం కూడా చదువులో భాగమే.

*ప్రమాదం ఎక్కడుంది?*

బొమ్మ ఎక్కవలసిన చోటికి పిల్లవాడు ఎక్కడంలో వుంది.

2018లో మన దేశపు డాక్టర్లు కొందరు ఒక వైద్య పత్రికలో లెక్క ప్రచురించారు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా, తమ ఫొటో తాము తీసుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్నవారి గురించి పత్రికల్లో వచ్చిన వార్తలన్నీ పోగుచేశారు. ప్రపంచం మొత్తం మీద 137 సంఘటనల్లో 259 మంది చనిపోయారు. అన్ని దేశాలకన్నా మన దేశంలోనే ఎక్కువ. చనిపోయినవారిలో ఎక్కువమంది కుర్రవాళ్ళు. ముఖ్య కారణాలు మూడు: నీట మునగడం, రైలూ మోటారు వాహనాలూ, ఎత్తునుంచి పడడం. మీ వుత్తరంలో కాలవ వుంది, రైలు వుంది, పిట్టగోడ వుంది. మూడూ వున్నాయి, చూశారా!

మొదట రైలు సంగతి. నిడదవోలు జంక్షను. మద్రాసు - హౌరా ప్రధాన మార్గం మీద వుంది. పైన కనిపించే తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు వుంటుంది. మన ఇంట్లో వుండేది 230 వోల్టులు మాత్రమే. రైలు వున్నా లేకపోయినా, పగలైనా రాత్రైనా ఆ తీగలో కరెంటు వున్నట్టే లెక్క. ఇంకొక ముఖ్య విషయం. ఆ తీగను తాకనక్కర్లేదు. బాగా దగ్గరకు వెళితే చాలు, మెరుపులాగా గాలిలోంచి దూకి మనిషిని పట్టుకుంటుంది.

లెక్క వేసి చూడండి. తీగ పట్టాలకు సుమారు 5.5 మీటర్ల ఎత్తున వుంటుంది. రైలు పెట్టె పైకప్పు సుమారు 4 మీటర్లు. దాని మీద ఒకటిన్నర మీటర్ల పిల్లవాడు నిలబడితే తల ఎక్కడికి వస్తుంది? సరిగ్గా తీగ దగ్గరకే! చెయ్యి పైకెత్తి ఫొటోకు నిలబడితే చెప్పనక్కర్లేదు. ఇనుప సెల్ఫీ కర్ర కూడా వుంటే ఇంకా ఘోరం. ఇలాంటి షాకులో పైకి కనిపించే గాయం చిన్నది కావచ్చు. లోపల కండరాలు కాలిపోతాయి. వాటినుంచి వెలువడే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. గుండె లయ తప్పుతుంది. బతికి బయటపడినా చెయ్యో కాలో తీసెయ్యవలసి రావచ్చు.

పట్టాల పక్కన నిలబడి ఫొటోలు తీసుకోవడం కూడా అంతే ప్రమాదం. గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఒక్క సెకనులో 30 మీటర్లు వస్తుంది. పైగా ఫోను కెమెరాలో ముందుభాగాన్ని ఎక్కువగా చూపించే కటకం వుంటుంది కనుక, వచ్చే రైలు వున్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. తెర వంక చూసేవాడికి రైలు ఇంకా అల్లంత దూరాన వున్నట్టే వుంటుంది. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్ళడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం కూడా. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా వుండవచ్చు.

ఇక కాలవ. విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే కాలవలు మన పశ్చిమ డెల్టాకు ప్రాణం. కాని గట్టున నాచు వుంటుంది, లోపల ఒండ్రు వుంటుంది, పైకి నెమ్మదిగా కనిపించే నీటికి అడుగున లాగుడు వుంటుంది. ఈత వచ్చినవాడు కూడా ముసుగుతో, ఒంటికి అతుక్కునే బట్టలతో పడితే తేలడం కష్టం. కొవ్వూరు, రాజమండ్రి వంతెనల దగ్గర గోదావరి ఫొటోలు తీసేవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ముసుగు గురించి ఇంకొక మాట. అది కళ్ళ పక్కల నుంచి కనిపించే దృశ్యాన్ని కప్పేస్తుంది. దానితో మెట్లు కూడా ఎక్కకూడదు. సాలెగూటి తాడంటూ మెడకు తాడు కట్టుకోవడం, భుజాన తువ్వాలు ముడివేసుకుని దూకడం పసిపిల్లలకు ప్రాణాంతకం.

*అసలు వీరులు కూడా ఎక్కలేదు!*

మీ అబ్బాయికి ఈ రహస్యం చెప్పండి. 1966లో మొదలైన 'బ్యాట్‌మ్యాన్' అనే అమెరికా టెలివిజన్ నాటకంలో వీరులు తాడు పట్టుకుని నిటారు గోడ ఎక్కుతారు. నిజానికి ఆ నటులు నేలమీద పరిచిన గోడ మీద వంగి నడిచారు. కెమెరాను పక్కకు తిప్పి తీశారు. అంతే!

అంతకన్నా ముందు మన తెలుగువాళ్ళే చేసి చూపించారు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడని ఇల్లు వుండదు. లడ్డూలు వాటంతట అవే ఎగిరివచ్చి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. మెరిసిపోయే ద్వారకానగరం చిన్న చిన్న బొమ్మ ఇళ్ళతో కట్టినదే. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, మార్కస్ బార్‌ట్లీ గారి కెమెరా కలిసి చేసిన పని అది. ప్రాణాలకు తెగించడం కాదు, కన్ను ఎలా మోసపోతుందో తెలిసివుండడం వారి గొప్పతనం.

ఇంట్లోనే చెయ్యగలిగిన పద్ధతులు మూడు చెబుతాను.

ఒకటి: పాత దుప్పటి మీద ఇటుకల గోడ గీసి నేలమీద పరచాలి. దానిమీద పిల్లవాడు పాకుతున్నట్టు పడుకోవాలి. నాన్నగారు పక్కన నిలబడి పైనుంచి ఫొటో తీయాలి. దాన్ని నిలువుగా తిప్పి చూస్తే గోడ ఎక్కుతున్నట్టే వుంటుంది.

రెండు: అరచేతి ఎత్తు బొమ్మను నల్లదారంతో పెరట్లో దండేనికి కట్టాలి. ఫోనును నేలకు దగ్గరగా, బొమ్మకు అడుగు దూరంలో పెట్టాలి. వెనక దూరంగా నీళ్ళ ట్యాంకో గుడి గోపురమో కనిపించేట్టు చూసుకోవాలి. బొమ్మ గోపురమంత వీరుడైపోతుంది.

మూడు: తెల్లవారుజామున మంచు పట్టిన సాలెగూటిని ఎదురు వెలుతురులో తీయాలి. ముత్యాల హారంలాగా వుంటుంది. సాలీడును కదపనక్కర్లేదు.

*సాలీడు పాకిందా?*

స్పైడర్‌మ్యాన్ కథలో లాగా సాలీడు కుడితే శక్తులు రావు. విషమెక్కి మనిషి పోవడం కూడా మనవైపు చాలా అరుదు. మన ఇళ్ళలో, తోటల్లో కనిపించే సాలీళ్ళలో చాలా వరకు మనిషికి హాని చెయ్యవు. కుట్టినా కాస్త నొప్పి, ఎరుపు, వాపు వుంటాయి. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేస్తే చాలు. వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.

ఇక మెడ మీది చార. మీ అత్తగారు పెద్దవారు. వారి మాట తీసెయ్యడం నా వుద్దేశం కాదు. కాని "సాలీడు పాకింది" అని మనం అనుకునే పొక్కులకు చాలాసార్లు సాలీడుతో సంబంధం వుండదు. రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటిది వరిచేలల్లో వుండే ఒక చిన్న పురుగు. సెంటీమీటరు లోపు పొడవుంటుంది. చూడడానికి చీమలాగా, నలుపూ నారింజ రంగూ పట్టీలతో వుంటుంది. వానలు పడ్డాక రాత్రివేళ దీపాల దగ్గరకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద పాకుతుంటే మనం చేత్తో నలిపినప్పుడు దాని శరీరంలోని రసం చర్మాన్ని కాలుస్తుంది. వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులకు చారలాగా ఎరుపు, మంట, పొక్కులు వస్తాయి. లైటు కింద కూర్చున్న మీవాడికి వచ్చింది బహుశా ఇదే. చూడకుండా తేల్చి చెప్పడం సరికాదు కనుక ఒకసారి ఆసుపత్రికి తీసుకురండి. ఈలోగా సబ్బుతో కడగండి, గోకనివ్వకండి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకోనివ్వకండి. పసరు, సున్నం, నిమ్మరసం రాయకండి. అసలే కాలిన చర్మం ఇంకా కాలుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో తగ్గిపోతుంది. ఇకముందు పురుగు ఒంటి మీద వాలితే నలపకుండా వూది వదిలించుకోవాలని చెప్పండి.

రెండోది సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారిలో ఆ వైరస్ నరాల్లో దాగివుండి, ఏళ్ళ తర్వాత మళ్ళీ లేస్తుంది. ఒంటికి ఒకే పక్కన, పట్టీలాగా పొక్కులు వస్తాయి. అవి రాకముందే ఆ చోట సలుపు, మంట వుంటాయి. పెద్దవారిలో ఎక్కువ. దీనికి మంచి మందులున్నాయి. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. పసర్లతో ఆ మూడు రోజులూ పోగొట్టుకుంటే, తర్వాత నెలల తరబడి నరాల సలుపు మిగలవచ్చు. ఈ మాట మీ అత్తగారికి కూడా చెప్పండి. వారి వయసువారికే ఇది ముఖ్యం.

చేలగట్ల మీద పురుగుల్ని ఫొటో తీసే పిల్లలు బూట్లు, నిండు పంట్లాం వేసుకోవాలి. చేతిలో టార్చి వుండాలి. బోర్లా పడుకునే ముందు కర్రతో గడ్డి కదపాలి. డెల్టాలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర వున్నాయి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కరచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి, తిన్నగా ఆసుపత్రికి తీసుకురండి.

*కళ్ళు, మెడ, బొత్తం బ్యాటరీలు*

ఫోను చూడడానికి మెడ వంచకుండా, ఫోనునే కళ్ళ ఎత్తుకు లేపమనండి. తీసిన ఫొటోలు చూస్తున్నప్పుడు ప్రతి 20 నిమిషాలకు ఒకసారి తల ఎత్తి, 20 అడుగుల దూరానికి, 20 సెకన్లపాటు చూడాలి. పడుకునే ముందు గంటసేపు తెర వద్దు. పెద్ద కెమెరా కన్నం గుండా సూర్యుణ్ణి ఎన్నడూ చూడకూడదు. కటకం సూర్యరశ్మిని కంటిపొర మీదికి కేంద్రీకరించి, నొప్పి తెలియకుండానే చూపు తీసేస్తుంది.

లైట్లు వెలిగే బొమ్మల్లో బొత్తాల్లాంటి చిన్న బ్యాటరీలు వుంటాయి. ఇంట్లో పసివాళ్ళుంటే చాలా జాగ్రత్త. మింగితే ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చడం మొదలుపెడుతుంది. వాంతి చేయించకండి, ఆలస్యం చెయ్యకండి. వెంటనే ఎక్స్‌రే వున్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

*జరగరానిది జరిగితే*

రైలు తీగ షాకు: బాధితుడు తీగ దగ్గరే వుంటే ఎవరూ దగ్గరకు వెళ్ళకండి. కర్రతో నెట్టడం కూడా వద్దు. ఎండుకర్ర 25,000 వోల్టులను ఆపలేదు. స్టేషను మాస్టరుకు చెప్పి కరెంటు ఆపించాలి. 139కి గాని 112కి గాని ఫోను చెయ్యండి. గాయం చిన్నదైనా, మనిషి లేచి నడుస్తున్నా ఆసుపత్రికి రావలసిందే.

కాలిన గాయం: మనిషికి తెలివి వుండి శ్వాస ఆడుతుంటే, కాలిన చోట 20 నిమిషాలు చల్లటి కుళాయి నీరు పారించండి. పేస్టు, సిరా, కాఫీపొడి, పసుపు పూయకండి.

నీట మునిగితే: ఈత రానివారు దూకకండి. తాడో చీరో విసరండి. బయటకు తీశాక పొట్ట నొక్కడం, కాళ్ళు పట్టి తలకిందులుగా తిప్పడం వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస వుందేమో చూడండి. లేకపోతే గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు గాలి వూదండి. తర్వాత రొమ్ము మధ్య 30 సార్లు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, సుమారు 5 సెంటీమీటర్లు దిగేట్టు నొక్కండి. మళ్ళీ రెండు వూదులు. 108 వచ్చేదాకా ఆపకండి.

ఎత్తునుంచి పడితే: మెడ వంచకుండా, కదలకుండా వుంచండి. ఆ తర్వాత రోజంతా కనిపెట్టి చూడండి. వాంతులు, మత్తు, తలనొప్పి పెరగడం, తికమకగా మాట్లాడడం, ఫిట్స్ - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకండి.

*మీవారికి ఒక మాట*

వారి కోపం ప్రేమలోంచి వచ్చిందే. గూడ్సు పెట్టె ఎక్కాడని విన్న తండ్రికి ఆ మాత్రం కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాని తాళం వేసిన బీరువా పిల్లవాడికి ఏమీ నేర్పదు. స్నేహితుల ఫోన్లు వున్నాయి, వాటితో చాటుగా తీస్తాడు. అప్పుడు ఎక్కడ తీస్తున్నాడో మీకు తెలియకుండా పోతుంది. పదమూడేళ్ళ వయసులో వుత్సాహం ముందు పరుగెత్తుతుంది, వివేకం వెనక నడిచి వస్తుంది. ఆలోచించి ఆగే శక్తి ఇరవయ్యేళ్ళు దాటినా ఇంకా పెరుగుతూనే వుంటుంది. అందాకా ఆ వివేకాన్ని పెద్దలు అరువివ్వాలి.

వాడితో కూర్చుని మూడు షరతులు రాయించండి. ఫొటోలో వున్నవాడి రెండు కాళ్ళూ నేలమీదే వుండాలి. రైలుపట్టా, కరెంటు తీగ, నీటి అంచు - వీటి దగ్గర కెమెరా బయటకు తీయకూడదు. ఎక్కడికి వెళుతున్నాడో ఇంట్లో చెప్పి వెళ్ళాలి. షరతు తప్పితే ఫోను వారం రోజులు బీరువాలోకి వెళుతుందని ముందే చెప్పండి. అప్పుడది కోపం కాదు, ఒప్పందం అవుతుంది.

తిండి మానడం, మాట మానడం ఈ వయసు అలకలో మామూలే. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా అలాగే వుంటే, నిద్ర పట్టకపోతే, బడికి వెళ్ళనంటే అది అలక కాదు. డాక్టరుకు చూపించండి. "బతకాలని లేదు" అనే మాట ఒక్కసారి నోట వచ్చినా సరే, రెండు వారాలు చూడకుండా వెంటనే తీసుకురండి. 14416కు ఫోను చేస్తే మానసిక ఆరోగ్య సలహా పగలూ రాత్రీ వుచితంగా దొరుకుతుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఫోను ఈ సాయంత్రమే ఇచ్చెయ్యమని మీవారికి నా మాటగా చెప్పండి. దుప్పటి మీద ఇటుకల గోడ తండ్రీ కొడుకులు కలిసి గీయాలి. మొదటి ఫొటో నాన్నగారే తీయాలి.